టిఫిన్ డబ్బాలో ఫేజర్

అమ్మ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేమున్న ఇల్లు ఖాళీ చేసి, తన ఆస్పత్రికి దగ్గరలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌కి మారింది. మారుతూ, నావి అనిపించినవన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది ఇక్కడికి, మోరిస్‌విల్‌కి, పార్సిల్ చేసింది. స్కూలు సర్టిఫికెట్లు, రెండు ఫొటో ఆల్బమ్‌లు, చర్చిలో ఇచ్చిన పాటల పుస్తకం, అన్నిటికంటే అడుగున పాత తువ్వాలులో చుట్టిన అల్యూమినియం టిఫిన్ డబ్బా. తువ్వాలు విప్పకముందే వైర్లు అతికించే సోల్డర్ కాలిన వాసన వచ్చింది. ఆ వాసన పన్నెండేళ్ళు నిలుస్తుందా అని ఎవరైనా అడిగితే నిలవదనే చెప్పాలి. నాకు మాత్రం వచ్చింది.

డబ్బా మూతకి మూడు రంధ్రాలు. రెండింట్లో నల్లటి నాబ్‌లు, మూడోదాంట్లో కాలితో నొక్కే స్విచ్చి. రెండు పక్కలా గిటార్ వైరు దూర్చే కన్నాలు, వాటి పైన మేకుతో గీసిన నాన్న చేతిరాత: ఒకవైపు 'లోపలికి', ఇంకోవైపు 'బయటికి'. చూసినవాళ్ళు ఇదేదో పిల్లల ఆటవస్తువు అనుకుంటారు. ఇది ఫేజర్. గిటార్ స్వరాన్ని లోపల రెండుగా చీల్చి, ఒకదాన్ని కాస్త వెనక్కి జరిపి, మళ్ళీ రెండింటినీ కలుపుతుంది. ఆ జరపడం ఒకచోట ఆగకుండా మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటే, స్వరం నీళ్ళలో సుడి తిరిగినట్టు వినిపిస్తుంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నాన్నా నేనూ కలిసి దీన్ని చేశాం. చేశాం అని ఒక్క మాటలో అనేశాను కానీ, చేయడానికి పట్టింది ఒక వారం. అది ఎందుకు పలకడం లేదో వెతకడానికి పట్టింది నెల పైనే.

మా ఆయన సోమవారం వెళ్ళి గురువారం వచ్చే ఉద్యోగంలో ఉన్నాడు. పాపకి ఏడు నెలలు. అది పడుకున్నాక నేను పడుకోను. ఊపిరి ఆడుతోందా లేదా అని గంటకి రెండుసార్లు వెళ్ళి చూస్తాను, చూసి వచ్చి ఇది రాసుకుంటూ కూర్చుంటాను. ఏ చెక్క పలక మీద అడుగు వేస్తే కిర్రుమంటుందో, ఏ తలుపు బోల్టు ఎంత నెమ్మదిగా తిప్పాలో నాకు బాగా తెలుసు. ఈ విద్య పాప పుట్టాక నేర్చుకున్నది కాదు. ఒకళ్ళు నిద్రపోతున్న ఇంట్లో మిగిలినవాళ్ళు ఎలా బతకాలో నాన్న దగ్గరే నేర్చుకున్నాను.

అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం మీదే మేం ముగ్గురం గుడివాడ నుంచి మిషిగన్ వచ్చాం. ఎప్పుడూ నైట్ షిఫ్టే. ఉదయం ఎనిమిదింటికి వచ్చి, స్నానం చేసి, పెరుగన్నం తిని, కిటికీలకి దుప్పట్లు కట్టిన గదిలో పడుకుంటే మళ్ళీ సాయంత్రం నాలుగింటికి లేచేది. ఆ మధ్యలో ఇంట్లో చప్పుడు కాకూడదు. మిక్సీ వేయకూడదు. పోపు పెడితే ఘాటుకి దగ్గొచ్చి లేస్తుందని కూర ముందు రోజు సాయంత్రమే వండేసేవాడు నాన్న. కుక్కర్‌కి మొదటి విజిల్ రాబోతోందని ఆవిరి శబ్దాన్ని బట్టి కనిపెట్టి పరుగున వెళ్ళి స్టవ్ కట్టేసేవాడు. అన్నం ఎప్పుడూ కాస్త పలుకుగానే ఉండేది. ఫోనుకి దిండు కప్పి ఉంచేవాళ్ళం. మేమిద్దరం గుసగుసగా మాట్లాడుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఆదివారం చర్చిలో కూడా నాన్న గుసగుసగానే పలకరించేవాడు. మనిషి జబ్బు పడ్డాడేమో అనుకునేవారు.

నేను ఆయన్ని డాడీ అనే పిలుస్తాను. రాయడానికి కూర్చుంటే మాత్రం నాన్న అనే వస్తోంది, అలాగే ఉండనిస్తున్నాను. గుడివాడలో నాన్నకి రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపు ఉండేది. చెక్క బల్ల, దాని మీద పచ్చటి బల్బు, అతుకులకి రాసే పేస్టు డబ్బా, లెడ్ తీగ చుట్ట. స్కూలు నుంచి నేను నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని. నాన్న ఒక ట్రాన్సిస్టర్‌ని వేళ్ళ మధ్య పట్టుకుని చూపించేవాడు. మినపగింజంత నల్లటి వస్తువు, ఒక వైపు చదును, కింద మూడు కాళ్ళు. "చదునుగా ఉన్న వైపు నీకేసి తిప్పుకో. ఎడం పక్కనుంచి సి, బి, ఇ. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి." నిజంగానే ఒకసారి నిద్రలో లేపి అడిగాడు. చెప్పాను. అమ్మ ఇద్దరినీ తిట్టింది.

మిషిగన్‌లో ఆ చేతులకి పని దొరకలేదు. ఒక గోడౌన్‌లో పెట్టెలు మోసే పని కొన్నాళ్ళు చేసి, నడుము పట్టేసి మానేశాడు. తర్వాత మా చర్చిలోనే ఒకాయన చెబితే, కార్లలో వాడే వైర్లని పరీక్షించే మిషన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి వెళ్ళాడు. ఆ రోజు నాకు స్కూలు సెలవు కాబట్టి ఫారాలు నింపడానికి నన్నూ తీసుకెళ్ళాడు. నేను బయట గదిలో కూర్చున్నాను. లోపల ఒక ట్రేలో విడి భాగాలు పెట్టి, చిన్న బల్బు ఆరుతూ వెలుగుతూ ఉండేలా బోర్డు తయారు చేయమన్నారట. గుడివాడలో దసరా లైట్లకి నాన్న ఇలాంటివి వందల్లో చేసి ఉంటాడు. గంట తర్వాత బయటికి వచ్చాడు. చొక్కా వీపు తడిసిపోయి ఉంది. "వెలగలేదు," అన్నాడు. వెనకే మేనేజర్ వచ్చి, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా ఈ పోస్టు ఖాళీగానే ఉంటుందనీ, ఈలోగా ఎప్పుడైనా వచ్చి మళ్ళీ ప్రయత్నించవచ్చనీ మర్యాదగానే చెప్పాడు. కార్‌లో నేను ఆ మాట తెలుగులో మళ్ళీ చెబితే, "అర్థమైంది నాకు," అన్నాడు. "మళ్ళీ వెళ్ళి మళ్ళీ పరువు తీసుకోమంటావా?"

ఆ వారంలోనే మెట్ల మీద కూర్చుని అమ్మా నాన్నల మాటలు విన్నాను. అమ్మ డ్యూటీకి తయారవుతోంది.

"ఇలా అయితే నేను గుడివాడ వెళ్ళిపోతానే. షాపు అద్దెకి తీసుకుని నా బతుకు నేను బతుకుతా."

"కోపంలో ఏదో ఒకటి అనకండి."

"కోపం కాదు."

"అయితే వెళ్ళండి. పిల్ల చదువు మధ్యలో పెట్టి నేను మాత్రం కదలను. టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టారు?"

"సింక్‌లో ఉంది. కడిగా."

అమ్మకి డబ్బా కట్టి ఇచ్చి, బయట కార్ దాకా వెళ్ళి, అద్దాల మీద మంచు తుడిచి పంపించాడు. ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ప్రేమించుకోలేదని నేనెప్పుడూ అనుకోలేదు. ఒకే మంచం మీద వేర్వేరు వేళల్లో పడుకునేవాళ్ళు, అంతే.

మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలులో జరిగేది. వాళ్ళ ఆరాధన అయ్యాక మాది. నేను అక్కడ గిటార్ వాయించేదాన్ని, నాలుగు కార్డులు, అంటే స్వరాల గుత్తులు, పట్టడం వచ్చు. ఒక ఆదివారం తొందరగా వెళ్ళాం. వాళ్ళ గిటారిస్టు, గ్లెన్ అనే నెరిసిన జుట్టాయన, ఒక్కడే కూర్చుని ఏదో వాయించుకుంటున్నాడు. ఆ శబ్దం హాలంతా తిరుగుతోంది, ఎవరో పెద్ద గంగాళంలో నీళ్ళు కలుపుతున్నట్టు. నాకు అమెరికా వచ్చాక మొదటిసారి ఒక వస్తువు కావాలనిపించింది. "డాడీ, అదేంటి?" అన్నాను. నాన్న వెళ్ళి అతని కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, అక్కడున్న, కాలితో నొక్కే పెడల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్‌సైడ్ వాట్?" అని అడిగాడు. గ్లెన్ నవ్వి, మరుసటి ఆదివారం అలాంటి పెడల్ సర్క్యూట్ బొమ్మ ఒకటి జిరాక్స్ తీసి తెచ్చిచ్చాడు.

నాన్న ఆ కాగితాన్ని ఇంటికొచ్చేదాకా ఒళ్ళోంచి తీయలేదు. "చూడు, మధ్యలో ఒక బుల్లి బల్బు. అది ఊపిరి తీసినట్టు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. చుట్టూ నాలుగు కళ్ళు, వెలుగుని బట్టి మారతాయి. అంతేగా! ఇది మనం చేసేద్దాం." ట్రాన్సిస్టర్లు అమెరికన్ నంబరువి తెప్పించాల్సి వచ్చింది. "గుడివాడలో వాడిన మన ఐదొందల నలభై ఏడు నంబరు లాంటివేలే," అన్నాడు. చాలా విషయాల్లో అది నిజమే.

బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన బల్ల వేసి, అన్నీ బిగించడానికి అమ్మ పాత టిఫిన్ డబ్బా ఒకటి తీసుకున్నాడు. నేను స్కూలు నుంచి మూడింటికి వచ్చేసరికి కింద నుంచి పేస్టు పొగ సన్నగా పైకి వస్తూ ఉండేది. మెట్లు దిగుతూనే బ్యాగు పక్కన పడేసి సోల్డర్ తీగ పట్టుకునేదాన్ని. ఆ వారం రోజులూ నాన్న గుసగుసగా పాటలు కూడా పాడాడు. స్కూల్లో నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. లంచ్ లైబ్రరీలో తినేదాన్ని. అందుకని రోజంతా మూడు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని.

చివరి వైరు అతికించి, నాలుగు దాటి అమ్మ లేచాక, గిటార్ తగిలించి వాయించాం. దుప్పటి కప్పుకుని ఎవరో వాయించినట్టు బలహీనంగా వచ్చింది. సుడి లేదు. లోపల బల్బు ఊపిరి తీయడం లేదు, మసకగా ఒకేలా వెలుగుతోంది. "ఏదో ఒక అతుకు వదులైంది," అన్నాడు నాన్న. మరుసటి రోజు అతుకులన్నీ మళ్ళీ కాచాడు. అదే శబ్దం. గదిలో వెలుతురు ఆ నాలుగు కళ్ళ మీద పడుతోందేమో అన్నాడు. దీపం ఆర్పి, మూత పెట్టి, మూత చుట్టూ నల్ల టేపు వేసి చూశాం. అదే. కెపాసిటర్లు మార్చాం. బ్యాటరీ మార్చాం. ట్రాన్సిస్టర్లు పదకొండూ ఒక్కొక్కటే తీసి మీటర్ పెట్టి చూశాడు, అన్నీ బాగున్నాయనే చూపించింది. పాడైనది ఒక్కటీ లేదు, అయినా పలకడం లేదు. "ఇంత చిన్న డబ్బా నాతో ఆడుకుంటోంది," అన్నాడు నవ్వుతూనే. "దీని సంగతి తేల్చకుండా మాత్రం వెళ్ళను. పలికించే వెళ్తా."

ఆ మాట నాలో ఒకచోట పడి ఉండిపోయింది.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం లైబ్రరీ కంప్యూటర్‌లో, సాయపడదామనే, ఆ ట్రాన్సిస్టర్ నంబరు కొట్టి వెతికాను. దాన్ని తయారుచేసే కంపెనీవాళ్ళ కాగితం వచ్చింది. కింద చిన్న బొమ్మ. చదును వైపు మనకేసి, ఎడం పక్కనుంచి: ఇ, బి, సి. నేను ఆ బొమ్మని వేలితో ముట్టుకుని మళ్ళీ చదివాను. నాన్న చేతికి పాతికేళ్ళుగా అలవాటైన వరుస ఇక్కడ తిరగబడి ఉంది. నడిమి కాలు అదే కాబట్టి మీటర్ తేడా చూపలేదు. పదకొండూ వెనక్కి తిరిగి కూర్చున్నాయి. అలా కూర్చున్నా పూర్తిగా చావవు, ఏదో కాస్త పనిచేస్తాయి. అందుకే ఆ బలహీనమైన శబ్దం.

ప్రింట్ తీసుకున్నాను. బస్సులో ఇంటికి వస్తూ నాన్న మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకున్నాను. ఆ తర్వాతి రోజు ఎలా ఉంటుందో కూడా అప్పుడే తట్టింది. అది పలుకుతుంది, నాన్న వెళ్ళిపోతాడు. మూడింటికి ఇల్లు చేరేసరికి కాగితం నాలుగు మడతలు పడి స్కూలు బ్యాగు లోపలి జేబులో ఉంది. కింద నుంచి పేస్టు పొగ వస్తోంది. "వచ్చావా? రా, ఇవాళ వేరే చోట పట్టుకున్నా," అన్నాడు నాన్న. వెళ్ళి తీగ పట్టుకున్నాను.

మూడు వారాలు అలాగే పట్టుకున్నాను. మొదటి వారం అదొక పండగలా ఉంది. నాన్నని నేను దాచి ఉంచుకున్నాననే సంతోషం, ఎవరికీ చెప్పలేనిది. రెండో వారం నాన్న పాడటం మానేశాడు. ఒకే అతుకుని మూడుసార్లు కాచి, కాచిన సంగతి మర్చిపోయినట్టు నాలుగోసారి కాచేవాడు. ఒకరోజు సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టి తన కుడిచేతిని దీపం కిందికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నేను ఆ చెయ్యి వంక చూడలేక వాషింగ్ మెషీన్ వైపు చూస్తూ నిలబడ్డాను. చర్చిలో సామ్యూల్ అంకుల్, కంపెనీ సంగతి చెప్పినది ఆయనే, కాఫీ కప్పు పట్టుకుని వచ్చాడు.

"ఏంటి బాబూరావు, అమ్మాయి గిటార్‌కి ఏదో మిషన్ చేస్తున్నావంట? రాకెట్టా?"

"అయిపోవచ్చిందండి."

"పోయినసారి కూడా ఇదే చెప్పావు! పోనీ ఆ కంపెనీకి మళ్ళీ వెళ్ళొచ్చావా? ఇంకా ఎవర్నీ తీసుకోలేదంటున్నారు."

"చేతులు మునుపటిలా లేవండి," అన్నాడు నాన్న. గుసగుసగా కాదు, మామూలు గొంతుతోనే అన్నాడు. అంకుల్ నవ్వు ఆపేసి, నా వైపు ఒకసారి చూసి, కాఫీలో చెంచా తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడో వారం, థాంక్స్‌గివింగ్ ముందు, నాన్న టికెట్ బుక్ చేయించాడు. డిసెంబరు మధ్యలో. ఆ కాగితం ఫ్రిజ్ మీద, అమ్మ డ్యూటీ చార్టు పక్కన అంటించి ఉంది. నేను చూసేసరికి అప్పటికే రెండు రోజులైందట. పెడల్ పలకలేదు, అయినా టికెట్ వచ్చేసింది. ఇక దాచి ఉంచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

సెలవుల తర్వాతి సోమవారం ఆ కాగితం బల్ల మీద పరిచాను. "ఇవాళ లైబ్రరీలో దొరికింది డాడీ," అన్నాను. నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చదివాడు. తర్వాత నిశ్శబ్దంగా, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. పైన అమ్మ నిద్రపోతోంది కాబట్టి చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని నవ్వాడు. "గాడిదని! ఉత్త గాడిదని! కాళ్ళు చూసుకోకుండా..." పదకొండూ పీకి, తిప్పి పెట్టడానికి గంట పట్టింది. నాలుగుంపావుకి అమ్మ మెట్ల మీద వినిపించగానే గిటార్ తగిలించాను. బల్బు ఊపిరి తీసింది. ఒక్క కార్డు వాయిస్తే బేస్‌మెంట్ మొత్తం నెమ్మదిగా తిరిగింది. అమ్మ నిద్రమొహంతో వచ్చి, "ఏంటండీ ఆ నీళ్ళ చప్పుడు? పైపు గానీ పగిలిందా?" అంది. నాన్న ఆమె చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ఆ కాసేపూ మేం ముగ్గురం ఒకేసారి మేలుకుని, ఒకేసారి నవ్వుతున్నాం.

నాన్నే ముందు ఆపాడు. "ఆ రోజు ట్రేలో ఉన్నవి కూడా ఇవే నంబరువి," అన్నాడు.

జాకెట్ వేసుకున్నాడు. నేనూ కార్ ఎక్కాను. కంపెనీకి వెళ్ళేసరికి ఐదు కావస్తోంది, ముందు కూర్చునే అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది. ఆ పోస్టు సెలవుల ముందే నిండిపోయిందని చెప్పింది. నాన్న నా వైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నాడు. అది ఆయనకి అర్థం కాని మాటేమీ కాదు. నేను తెలుగులో చెప్పాను. కార్ దగ్గరికి వచ్చి, సీట్ బెల్ట్ పెట్టుకోమన్నాడు. డిసెంబరు మధ్యలో వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాన్న అమెరికాకి రెండుసార్లు వచ్చాడు, నా గ్రాడ్యుయేషన్‌కీ పెళ్ళికీ. రెండుసార్లూ పదేసి రోజులు, ఎవరింటికో వచ్చిన చుట్టంలా మంచం అంచున కూర్చున్నాడు. అమ్మ ఏటా వెళ్ళి వచ్చేది. విడిపోయారని ఎవరూ అనలేదు, కలిసున్నారని కూడా అనలేదు. నేను కాలేజీలో చేరాక గిటార్ మానేశాను. చిన్నప్పుడు ఆ ఇంటి నిశ్శబ్దంలో కనీసం ఇద్దరం ఉండేవాళ్ళం, గుసగుసలైనా ఉండేవి. ఇప్పుడు ఈ ఇంట్లో గుసగుస కూడా అక్కర్లేదు, ఎవరితో అంటాను? పాప గదిలో వాన చప్పుడు చేసే మిషన్ ఒకటి ఉంది, అది ఆగిపోతే పాప లేస్తుందని దాన్ని కూడా వెళ్ళి చూసి వస్తుంటాను. పాప నన్ను చూసి నవ్వినప్పుడల్లా, రేపు ఇది నన్ను ఉంచుకోవడానికి ఏం దాచిపెడుతుందో అని భయం వేస్తుంది.

పార్సిల్ వచ్చిన మర్నాడు, ఆదివారం ఉదయం, డబ్బాలో కొత్త బ్యాటరీ వేసి, పక్కింటి కుర్రాడి గిటార్ అడిగి తెచ్చి తగిలించాను. శబ్దం బయటికి వచ్చింది, సుడి రాలేదు. గుడివాడలో అప్పుడు సాయంత్రం. నాన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న షాపు ఉంది ఆయనకి.

"అది ఇంకా ఉందా?" అన్నాడు ఆశ్చర్యంగా. "ముందు బ్యాటరీ తీసెయ్. తీశావా? మూత విప్పు."

"డాడీ, ఒకటి చెప్పాలి."

"చెప్పు."

"ఆ కాళ్ళు తిరగబడ్డ సంగతి... ఆ కాగితం నాకు ఆ రోజు దొరకలేదు. మూడు వారాల ముందే దొరికింది. దాచేశాను."

అవతల ఏదో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"ఎందుకు?"

"అది పలికితే వెళ్ళిపోతావని. ముందే చెప్పుంటే నీకా ఉద్యోగం వచ్చేది."

"ఉండు," అన్నాడు. ఎవరితోనో, "రేపు రావయ్యా, ఇవాళ అవ్వదు," అనడం వినిపించింది. షట్టరు సగం దించిన మోత. మళ్ళీ వచ్చాడు.

"వెళ్తానని మొదట కోపంలో అన్నా. మీ మమ్మీకి తెలుసు అది కోపమని. వెళ్ళేవాణ్ణి కాదేమో. ఆ మూడు వారాల్లో నాకు మతి పోతోందనుకున్నానమ్మా. మా నాన్నకి యాభై దాటకుండానే పోయింది. నాకూ మొదలైందనుకున్నా. మీ ఇద్దరికీ బరువు కాకూడదని టికెట్ తీయించా. కాళ్ళ సంగతి తేలాక కూడా నమ్మకం కలగలేదు. ఇక్కడికొచ్చి రెండేళ్ళు షాపు తెరవలేదు, తెలుసా నీకు?"

తెలియదు. నాకెవరూ చెప్పలేదు. సారీ అన్న మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

"నాకిప్పుడు కోపంగా ఉంది," అన్నాడు నాన్న. "ఇప్పుడు మాట్లాడలేను." పెట్టేశాడు.

సోమవారం ఫోన్ లేదు. మంగళవారం లేదు. పాప పడుకున్నప్పుడల్లా డబ్బా విప్పి, ఒక్కొక్క అతుకూ చూశాను, మీటర్ కొని తెచ్చి నాన్న అప్పట్లో చేసినట్టే ఒక చివర నుంచి మొదలుపెట్టాను. ఇందులో పెద్ద విషయమేమీ లేదు, మధ్యలో ఉన్న బల్బు తీగ తెగిపోయింది. తెలిసి కూడా నేను దాన్ని మార్చలేదు. ఎందుకు మార్చలేదో నాకు తెలుసు, అందుకే నా మీద నాకే భయం వేసింది.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాన్న ఎప్పుడూ చేయని వేళ అది.

"ఏమైంది దాని సంగతి?" అన్నాడు. పలకరింపు లేదు. "నువ్వు ముట్టుకోకు. నేనొచ్చి చూస్తా."

ఊరుకుంటే సరిపోయేది. సరే డాడీ అంటే సరిపోయేది.

"బల్బు పోయింది డాడీ," అన్నాను. "మంగళవారమే తెలిసింది. నేనే మార్చగలను."

లైన్ కట్ అయిందేమో అని ఫోన్ చూసుకున్నాను. కాలేదు.

"అయితే మార్చెయ్. పలికించు," అన్నాడు. "నేను ఎలాగూ మార్చిలో వస్తున్నా," అన్నాడు. "మీ వైపు అప్పటికి చలి తగ్గుతుందా, స్వెట్టర్ తెచ్చుకోమంటావా?"